తలముక్కలు, తోకముక్కలు

నా భార్య చనిపోతోందని నాకు తప్ప అందరికీ తెలుసు. డాక్టరుకి తెలుసు. నా కూతురికి తెలుసు. ఇంగ్లీషు పాఠం చెప్పే ఆవిడకి తెలుసు. చనిపోతున్న మనిషికి తెలుసు. నాకు మాత్రం చెప్పలేదు. నా ఇంట్లోనే, నేను వింటూ ఉండగానే మాట్లాడుకున్నారు. ఇందులో వాదన ఏమీ లేదు. జరిగింది ఇదే.

నా పేరు పోలరాజు. భుయ్యాడీహ్‌లో నది వైపు సందులో మాకు రెండు గదుల ఇల్లు. కవిటి దగ్గర పల్లెలో ఏడో తరగతి దాకా చదివాను. మా బడిలో ఇంగ్లీషు చెప్పే మాస్టారు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. వచ్చిన రోజున అక్షరాలు దిద్దించి, అరుగు మీద పడుకునేవాడు. అందుకని ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలను. అర్థం తెలియదు. ఆ చదువుతోనే ఉక్కు కర్మాగారం ఉన్న ఈ టాటా ఊరు వచ్చి ఒక ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు కింద క్రేను ఖలాసీగా చేరాను. సామానుకి గొలుసు కట్టడం, కొక్కేనికి తగిలించడం, పైనున్న డ్రైవరుకి చేత్తో సైగ చెయ్యడం నా పని. దానికి ఇంగ్లీషు అక్కర్లేదు. సూపర్‌వైజర్లు తిట్టే నాలుగు మాటలు వస్తే చాలు. మోకాళ్ళు అరిగిపోయాక మానేశాను.

నా భార్య చిలకమ్మ టెల్కో కాలనీలో రెండు క్వార్టర్లలో వంట చేసేది. అందులో ఒకటి రమణి గారిది. వాళ్ళదీ తెలుగే, విజయవాడ వైపు. భర్త అనంతకృష్ణ ఇంజనీరు. ఆవిడకి పిల్లలు చదువులకి వెళ్ళిపోయాక పొద్దుపోక, ప్రతి ఆదివారం మధ్యాహ్నం భాలుబాసాలో మన తెలుగువాళ్ళ హాల్లో ఇంగ్లీషు క్లాసు పెట్టింది. ఇంటర్వ్యూలకి వెళ్ళే ఆడపిల్లల కోసం. డబ్బులు తీసుకోదు. నా కూతురు సౌజన్య బీకాం చదివి సాక్చీలో సెల్‌ఫోన్ల దుకాణంలో చేస్తుండేది. దానికి హోటల్లో రిసెప్షన్ ఉద్యోగం మీద కోరిక. అది క్లాసులో చేరింది. తోడుగా చిలకమ్మ వెళ్ళేది. వెనక బల్ల మీద కూర్చుని చిక్కుడుకాయలు వలిచేది.

కొన్నాళ్ళకి చిక్కుడుకాయలు వలవకుండానే ఇంటికి తెచ్చింది.

"ఏటే, కూర లేదేటి?"

"పాటం ఇన్నాను. సేతులు ఆడనేదు."

"నువ్వు పాటం ఇనడమేటి? రిసెప్షన్‌లో కూకుంటావేటి?"

"కూకుంటే ఏటయ్యింది? నిన్ను నోపలికి రానివ్వను, అదొకటే."

సౌజన్య నవ్వింది. చిలకమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. కొత్త చీర కొనుక్కొచ్చినట్టుంది దాని మొహం.

"డిక్షనరీ బట్టీ పట్టక్కర్లేదంట మావా. పెద్ద మాటలన్నీ ముక్కలు ముక్కలంట. ముందర తలముక్క, ఎనక తోకముక్క, మజ్జిన నడుం. ఆ తలముక్కలూ తోకముక్కలూ ఓ పాతిక ముప్పై తెలిసిపోతే, ఎంత పొడుగు మాటొచ్చినా సేపని కోసినట్టు కోసీసి సూసుకోడవేనంట."

"మేడమ్ సేపలు తింటాదేటి?"

"తినదు. సేప మాట నాది. మేడమ్‌కి నచ్చీసింది. క్లాసందరికీ సెప్పింది."

రమణి గారు పాఠానికి పెట్టిన పేర్లు వేరే ఉన్నాయి, ప్రిఫిక్స్ అనీ సఫిక్స్ అనీ. చిలకమ్మకి అవి నోరు తిరగలేదు. మా ఇంట్లో తలముక్క, తోకముక్క అనే అనేవాళ్ళం. పాత క్యాలెండరు వెనకవైపు సౌజన్య పెద్ద అక్షరాలతో రాసి, పొయ్యిగట్టు పైన మేకుకి తగిలించింది. ఎడమ పక్క తలలు, కుడి పక్క తోకలు.

"లెస్ అంటే?" అని నన్నడిగింది చిలకమ్మ.

"నాకేటి తెలుసు."

"నేదు అని. యూజ్‌లెస్ అంటే?"

"అది తెలుసు. సూపర్‌వైజరు రోజూ పిలిసీవోడు."

"మరి? యూజ్ నేనోడు. సాల్ట్‌లెస్ అంటే?"

"నువ్వొండిన పప్పు."

"నమ్మకు గుంటా, మీ నాన్నకి నాలిక చచ్చిపోయింది. టంగ్‌లెస్ మనిషి."

"అమ్మా, అలాంటి మాట ఉండదు," అంది సౌజన్య.

"మనింట్లో ఉన్నాది. కళ్ళెదరగా ఉంటే మాట నేదంటావేటే?"

అలా రెండు మూడు నెలలు గడిచాయి. అది వంట చేస్తూ మాటలు కోసేది. డబ్బాల మీద ఉన్నవి, ఆటోల వెనక రాసినవి, టీవీలో వచ్చేవి. అన్నీ సరిగ్గా కోసేది కాదు. ఒక్కోసారి నడుం ఎక్కడుందో తెలియక తల తోకా పట్టుకుని కూర్చునేది. అప్పుడు సౌజన్య చెప్పేది. నేను క్యాలెండరు చూసి అక్షరాలు కూడబలికి ఒక్కో ముక్క అడిగేవాణ్ణి. అది జవాబులు చెప్పేది. తప్పో ఒప్పో నాకు తెలియదు. సౌజన్య మొహం చూసి తెలుసుకునేవాణ్ణి.

విశ్వకర్మ పూజ వెళ్ళాక చిలకమ్మకి కడుపులో నొప్పి మొదలైంది. నడుములోకి పాకేది. తిండి సయించేది కాదు. గ్యాసని అనుకున్నాం. గ్యాసు మందులు మింగింది. కళ్ళు పచ్చబడ్డాక పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. రకరకాల పరీక్షలు చేశారు. రిపోర్టులొచ్చాక డాక్టరు ముగ్గుర్నీ రమ్మన్నాడు.

మెట్ల దగ్గర నేను సౌజన్యని పక్కకి పిలిచాను. "అమ్మకి తెలీకూడదు. ఏదున్నా ఆయనతో ఇంగ్లీషులోనే మాటాడు. తరవాత నాకు సెప్పు," అన్నాను.

ఇందులో కొత్తేమీ లేదు. మన వాళ్ళు అందరూ ఇలాగే చేస్తారు. రోగికి రోగం పేరు చెప్పరు. చెబితే సగం ప్రాణం అక్కడే పోతుంది. తెలుగులో చెప్పడానికి లేదు, హిందీలో చెప్పడానికి లేదు. హిందీ మా ముగ్గురికీ వచ్చు, బజారంతా అదే. ఇక మిగిలింది ఇంగ్లీషు. ఆ గదిలో ఇంగ్లీషు వచ్చినవాళ్ళు ఇద్దరే అనుకున్నాను. చిలకమ్మ తలముక్కలు తోకముక్కలు నాకు ఆటలాగే కనిపించాయి. అవి డాక్టరు ముందు పనికొస్తాయని అనుకోలేదు.

డాక్టరు బెంగాలీవాడు. మెల్లగా మాట్లాడాడు. సౌజన్య ఇంగ్లీషులో ఏదో అడిగింది. ఆయన ఫిల్ము దీపానికి పెట్టి చూపించాడు. మళ్ళీ మాట్లాడాడు. నేను ఆయన మొహమే చూస్తూ కూర్చున్నాను. ఇనప సామాను గాల్లో ఉన్నప్పుడు డ్రైవరు మొహం చూసే అలవాటు నాకు. ఆ మొహంలో ఏమీ కనపడలేదు. చిలకమ్మ టేబులు మీదున్న గాజు బిళ్ళకేసి చూస్తోంది. దానికేమీ అర్థం కావట్లేదు, నయమే అనుకున్నాను.

బయటికొచ్చాక మందుల చీటీ నా చేతికిచ్చి పంపారు. కౌంటరు దగ్గర పెద్ద లైను. మందులు తీసుకుని తిరిగొచ్చేసరికి ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. సౌజన్య కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏటన్నాడు?" అని దాన్ని పక్కకి తీసుకెళ్ళి అడిగాను.

"లోపల పుండు, నాన్నా. కాలేయానికి కూడా కొంచెం వాపు. మందులు చాలాకాలం వాడాలన్నారు."

"మరి కళ్ళేటి అలగున్నాయి?"

"ఏసీ."

నమ్మాను. నా కూతురు నాతో అబద్ధం ఆడుతుందని ఎందుకనుకుంటాను? ఆ సాయంత్రం పక్కింటి గౌరీదేవికి నేనే చెప్పాను, పుండేనట, పెద్ద భయం లేదట అని. వాళ్ళు పకోడీలు పంపించారు. చిలకమ్మ ఒకటి తుంచి నోట్లో పెట్టుకుని, బావుంది అంది.

క్లాసు మానలేదు. ఆటోలో వెళ్ళి ఆటోలో వచ్చేది. రెండు ఇళ్ళ వంటల్లో ఒకటి మానేసింది, తర్వాత రెండోదీ మానేసింది. "పని ఒగ్గీసి ఇంగ్లీషు సదువుతున్నావేటే, కలెక్టరవుతావేటి?" అనేవాణ్ణి. "ముందు నువ్వు బంట్రోతు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకో," అనేది. ఇంట్లో తల్లీ కూతుళ్ళు ఇంగ్లీషులో గొణుక్కోవడం ఎక్కువైంది. ముందు ఒక్కో మాటే ఉండేది. తర్వాత రెండు మూడు మాటలు కలిపి. పొయ్యి దగ్గర, మంచం దగ్గర, బట్టలు ఆరేసే చోట.

"ఏటా గొణుగుడు?"

"పాటం మావా. మాటాడకపోతే రాదంట."

మంచిదే అనుకున్నాను. సౌజన్యకి ఇంటర్వ్యూ దగ్గర పడుతోంది, సాధన కావాలి. నేను టీవీ గొంతు కూడా తగ్గించేవాణ్ణి, వాళ్ళకి అడ్డం రాకుండా.

చలి రోజుల్లో ఒక సాయంత్రం పరీక్ష పెట్టమని అదే అడిగింది. మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుంది. నేను క్యాలెండరు దగ్గర నిలబడి అడుగుతున్నాను. రీ అన్నాను, డిస్ అన్నాను, చెప్పింది. తర్వాత ఇన్ అన్నాను.

"ఇన్‌కరెక్ట్. ఇన్‌డైరెక్ట్. ఇన్‌విజిబుల్."

"ఇంకా?"

కాసేపు ఆలోచించింది. ఒక పొడుగు మాట చెప్పింది. మెల్లగా, ముక్క ముక్క విడదీసి, మళ్ళీ కలిపి చెప్పింది. నేను సౌజన్య మొహం కేసి చూశాను, తప్పా ఒప్పా అని. సౌజన్య లేచి స్నానాల గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. కుళాయి తిప్పిన చప్పుడైంది.

"తప్పు సెప్పీసేవేటి?" అన్నాను.

"నేదు మావా. కరెక్టే."

"బలేగుంది. అంత పొడుగు మాట ఎక్కడ పట్టేవే?"

"ఆసుపత్రిలో," అంది. "తోక అడుగు. ఆగిపోయేవేటి?"

నేను తోకలు అడిగాను. నెస్ అన్నాను, ఫుల్ అన్నాను. అది అన్నిటికీ చెప్పింది. నేను శెభాష్ అన్నాను. ఆ పరీక్ష నా చేతే పెట్టించారు. మర్చిపోను.

శివరాత్రి ముందు చిలకమ్మ ఒక మాట అడిగింది. ఆ పరీక్ష పక్కన పెడితే, ఆర్నెల్లలో అది నన్నడిగింది ఆ ఒక్కటే.

"ఓపాలి కవిటి ఎల్దావా? అప్పని సూడాలనుంది."

దాని అక్క కవిటిలో ఉంటుంది. కొబ్బరితోట మధ్యలో ఇల్లు. ఆ ఇంట్లో నాకూ దాని బావకీ పడదు. ఆ మనిషి నన్ను అందరి ముందూ ఠేకా కూలీ అన్నాడు. ఆ గుమ్మం నేను మళ్ళీ తొక్కలేదు.

"ఇప్పుడేటి, ఒంట్లో బావులేనప్పుడు. బండిలో ఆ కుదుపులేటి పడతావు. ఎండలు కూడా వచ్చీస్తన్నాయి. ఎండలు తగ్గనీ. నీక్కూడా నయమవుతాది. అప్పుడెల్దాం. నానూ వత్తాను."

"నువ్వూ వత్తావా?" అంది. ఆశ్చర్యపోయింది.

"వత్తాను. ఆ మారాజుకి నమస్కారం పెట్టమంటే పెడతాను."

సౌజన్య బియ్యం ఏరుతోంది. పళ్ళెం కింద పెట్టేసి, "నాన్నా—" అంది. చిలకమ్మ దానికేసి చూసి ఇంగ్లీషులో ఏదో అంది. గట్టిగా కూడా అనలేదు. సౌజన్య నోరు మూసుకుని మళ్ళీ పళ్ళెం ఒళ్ళోకి తీసుకుంది.

"ఏటంటావు?" అన్నాను సౌజన్యతో.

"కుఛ్ నహీ," అంది. ఏమీ లేదట.

"సరే మావా. ఎండలు తగ్గాకే ఎల్దాం," అంది చిలకమ్మ.

ఎండలు తగ్గే దాకా అది లేదు. శ్రీరామనవమి జెండాల ఊరేగింపు మా రోడ్డు మీద వెళ్తుంటే ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి ఆటో కదల్లేదు. ఆ డప్పుల మధ్య అది నా భుజం మీద తల పెట్టుకుని కూర్చుంది. "బేగి పోనీ, బేగి పోనీ" అని నేను డ్రైవరు మీద అరుస్తూనే ఉన్నాను. చేర్చుకున్నారు. నొప్పికి సూదులు పొడిచారు. తర్వాత అది ఎక్కువసేపు నిద్రలోనే ఉంది. పుండు తిరగబెట్టింది అనుకున్నాను. మందులు సరిగ్గా వేసుకోలేదు కదూ అని మగత కళ్ళతో ఉన్న మనిషిని కసిరాను. నవ్వింది. అవును మావా, మరిచిపోయాను అంది. నాతో అది చివర మాట్లాడిన మాటల్లో ఒకటి అది. అదీ అబద్ధమే.

సువర్ణరేఖ ఒడ్డున దహనం చేశాం.

దినం నాడు భోజనాలు పెట్టాం. మా సందులో వాళ్ళు, నాతో పని చేసిన ఇద్దరు ముగ్గురు ఖలాసీలు, క్లాసు ఆడపిల్లలు వచ్చారు. రమణి గారూ అనంతకృష్ణ గారూ కారులో వచ్చారు. ఆవిడ విస్తరి ముందు కూర్చోలేకపోయింది. లేచి నా దగ్గరికి వచ్చి చేతులు జోడించింది.

"మీ ఇద్దరికీ దణ్ణం పెట్టాలండీ. ఎంత ధైర్యం ఆవిడది. అంతా తెలిసి కూడా ఒక్క ఆదివారం క్లాసు మానలేదు. మీరు కూడా... ఆవిడ ముందు అలా మామూలుగా ఉండటం మాటలు కాదు. మీరు ఒక్కరోజు కూడా బయటపడలేదట, సౌజన్య చెప్పింది."

"ఏటి తెలిసి?" అన్నాను.

ఆవిడ నా మొహం చూసింది. తర్వాత సౌజన్య కోసం చూసింది. సౌజన్య సాంబారు బకెట్టు పట్టుకుని వరస మధ్యలో ఆగిపోయింది.

"ఏటి తెలిసి మేడమ్?"

"అంటే... జబ్బు సంగతి..."

"పుండు సంగతి."

అనంతకృష్ణ గారు ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు. సాంబారు కోసం విస్తళ్ళ దగ్గర పిలుస్తున్నారు. నేనే వెళ్ళి సౌజన్య చేతిలోంచి బకెట్టు తీసుకుని వడ్డించాను. ఆఖరి మనిషి లేచేదాకా వడ్డించాను. వచ్చినవాళ్ళ ముందు ఒక్క మాట అనలేదు.

మర్నాడు పొద్దున సౌజన్యని కూర్చోపెట్టాను.

"సెప్పు."

"మమ్మీ నే మనా కియా థా," అంది.

"తెలుగులో సెప్పు. నాకు వచ్చిన భాషలో సెప్పు."

"అమ్మ వద్దంది, నాన్నా."

మెల్లగా మొత్తం చెప్పింది. ఆసుపత్రిలో నేను మందుల లైనులో ఉన్నాను. బెంచీ మీద కూర్చున్నారు. సౌజన్య ఏడుపు ఆపుకుంటూ ఫోను చూస్తున్నట్టు నటించింది. అప్పుడు చిలకమ్మ అడిగిందట, "అమ్మీ, ఇన్ అంటే కాదు కదా? ఏబుల్ అంటే సెయ్యడానికి అయ్యీది. మజ్జిన ఆపరేషను. డాక్టరు బాబు అదే మాట రెండుసార్లన్నాడు. కొయ్యడానికి అవదని. అంతేనా?" సౌజన్య కాదనలేకపోయింది. "ఎన్నాళ్ళంట?" అని అడిగిందట తర్వాత. అదీ చెప్పిందట. అప్పుడే, నేను మందుల సంచీతో వస్తుంటే దూరం నుంచి చూసి, ఆయనకి చెప్పకు అందట.

"ఎందుకు?"

"నీకు తెలిస్తే మాట్లాడ్డం మానేస్తావంది. వరహాలు పెదనాన్నకి అలాగే చేశావంట కదా. ఆయన రోగం తెలిసినప్పటి నుంచి పోయేదాకా కాళ్ళ దగ్గర కూర్చుని నోరు విప్పలేదంట. తమ్ముణ్ణి ఒక్కసారి తిట్టమనండి, చచ్చిపోతున్నానని నాకు తెలిసిపోతోంది అని ఆయన ఏడ్చాడంట. అమ్మ ఆ గదిలో ఉందంట."

నిజమే. మా అన్నయ్యతో నేను మాట్లాడలేదు. పోతున్న మనిషితో ఏం మాట్లాడతారు? ఏ మాటెత్తినా అబద్ధమే అవుతుంది. నేను కూర్చున్నాను. కాళ్ళు పట్టాను. నాకు వచ్చింది అదే.

"అమ్మ అంది," అని సౌజన్య మళ్ళీ అందుకుంది, "ఉప్పు లేదని ఆయన అరుస్తుంటే నాకు రోగమే లేనట్టుంటాది. ఆ అరుపు పోతే నేను ముందే పోతాను. నాకు పోట్లాడే మొగుడే కావాలి అంది."

"దానికేటి కావాలో అది సూసుకుంది. నాకేటి కావాలో ఎవులు సూసారు?"

సౌజన్య తల దించుకుని చాప అంచు గిల్లుతోంది.

"కవిటి ఎల్దామని అడిగింది. ఎండలు తగ్గనీ అన్నాను. నువ్వు బియ్యం ఏరుకుంటన్నావు."

"చెప్పబోయాను, నాన్నా."

"సెప్పబోడం సెప్పడం కాదు. నాను వత్తానన్నాను. ఆడి గుమ్మం తొక్కుతానన్నాను. బండెక్కించీవోణ్ణి. మోసుకెళ్ళీవోణ్ణి. ఏటీ తెలీక నాను ఎండల లెక్క సెప్తంటే మీరిద్దరూ నా ఎదుట ఇంగ్లీషు మాటాడుకున్నారు."

"నువ్వే కదా ఇంగ్లీషులో మాట్లాడమన్నావు. అమ్మకి తెలీకూడదని."

"రోగికి సెప్పకూడదు. మొగుడికి సెప్పకూడదని ఎక్కడుంది?"

"అమ్మకి చెప్పకపోవడం తప్పు కాకపోతే, నీకు చెప్పకపోవడం తప్పెలా అయింది?" అంది. అప్పటిదాకా తల దించుకున్న మనిషి ఇప్పుడు సూటిగా చూసింది. తల్లి చూపే. "నువ్వు అమ్మకి చేద్దామనుకున్నదే అమ్మ నీకు చేసింది. ఆవిడ చెయ్యగలిగింది, అంతే తేడా."

నేను లేచి బయటికి వెళ్ళి పంపు దగ్గర మొహం కడుక్కున్నాను. ఆ మాటకి నా దగ్గర జవాబు ఉంది. నేను దాచాలనుకున్నది దాన్ని కాపాడ్డానికి. అది దాచింది నన్ను వాడుకోవడానికి. నా అరుపులు దానికి మందులయ్యాయి. ఆర్నెల్లు నా చేత మందు వేయించుకుంది, ఆ మందు నేనేనని నాకే తెలియకుండా. ఈ జవాబు సౌజన్యకి చెప్పలేదు. చెబితే దానికీ ఒక జవాబు చెబుతుంది. చదువుకున్న పిల్ల.

తిరిగొచ్చేసరికి అది గుమ్మంలో నిలబడి ఉంది.

"తిట్టు నాన్నా. కొట్టినా సరే. ఊరుకోకు."

నేను చాప చుట్టి మూల పెట్టాను.

"అమ్మ నీకు ఒకటి చెప్పమంది," అంది సౌజన్య. "ఆసుపత్రిలో, రెండో రోజు, నువ్వు టీకి వెళ్ళినప్పుడు. పక్క మంచాల వాళ్ళు తెలుగువాళ్ళు కదా, వాళ్ళకి తెలీకూడదని ఇంగ్లీషులో చెప్పింది. వచ్చీ రాని ఇంగ్లీషు. నేను తెలుగు చేసి చెప్తాను. నీకు కోపం తగ్గాక చెప్పమంది. తగ్గేలా లేదు కాబట్టి ఇప్పుడే చెప్తాను."

"ఒద్దు."

"విను నాన్నా. చిన్నదే. రెండు మాటలు."

"ఒద్దన్నాను. నాతో సెప్పాలనుకుంటే నాను పక్కనే ఉన్నాను. టీకి ఎల్లినోణ్ణి తిరిగొచ్చాను. నాకు తెలుగొచ్చు. దానికీ తెలుగొచ్చు."

సౌజన్య పెదాలు కదిలాయి. నేను రెండు చెవులూ మూసుకున్నాను. చిన్నపిల్లవాడిలా ఉన్నానని నాకు తెలుసు. మూసుకునే నిలబడ్డాను. అది చెప్పలేదు. పక్కగదిలోకి వెళ్ళిపోయింది.

క్యాలెండరు నేనే తీసేశాను. చింపలేదు. మడిచి రమణి గారి ఇంటికి పంపించేశాను, ఆవిడ వస్తువు అని. ఆవిడ ఫోను చేసింది. ఎత్తలేదు. క్లాసులో చిలకమ్మ పేరున ఏటా ఒక ఆడపిల్లకి బహుమతి ఇస్తారట, నా చేతుల మీదుగా ఇవ్వాలట, ఆ కబురు గౌరీదేవితో పంపింది. రానని చెప్పించాను. ఆవిడ మీద నాకు పెద్ద కోపం లేదు. ఆవిడ పాఠం చెప్పింది. నేర్చుకున్నవాళ్ళు దాన్ని ఏం చేశారన్నది ఆవిడ బాధ్యత కాదు. అయినా ఆ హాల్లో అడుగు పెట్టను.

సౌజన్యకి హోటల్లో ఉద్యోగం వచ్చింది. షిఫ్టుల ఉద్యోగం. వంట నేనే చేస్తున్నాను. పప్పులో ఉప్పు నేనే వేసుకుంటున్నాను. మేం మాట్లాడుకుంటాం. గ్యాసు అయిపోయిందనీ, గొడుగు పట్టుకెళ్ళమనీ, తలుపు గడియ వెయ్యమనీ. సందులో వాళ్ళు అనుకుంటున్నారట, తల్లి పోయిన పిల్లతో ఆ తండ్రికి ఏమిటంత పట్టుదల అని. వాళ్ళ కోసం ఇదంతా రాశాను. చదువుకోమనండి.

మొన్న దానికి సెలవు. నేను కూర తరుగుతుంటే వచ్చి పక్కన కూర్చుంది. "నాన్నా, ఆ మాట—" అంది.

కత్తిపీట మడిచి లేచాను. చెప్పులేసుకుని నది ఒడ్డుకి వెళ్ళి కూర్చున్నాను. అది వెతుక్కుంటూ వచ్చింది. నా పక్కన రాయి మీద కూర్చుంది. చీకటి పడేముందు ఇద్దరం ఇంటికి నడిచాం.

ఆ రెండు మాటలు దాని దగ్గరే ఉన్నాయి. ఉండనివ్వండి. నేను అడగను. ఈ సంగతి ఇంటా బయటా ఎవరితోనూ ఇంక ఎత్తను.